రాతినార పోగుల లెక్క

ఇళ్ల మీద అప్పులిచ్చే బ్యాంకుల్లో వాల్యుయేషన్ రిపోర్టులు తిరగేసిన వారికి 'ఏ.సి. షీటు కప్పు' అన్న మాట కొత్త కాదు. చల్లగాలి యంత్రానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఆస్బెస్టాస్ సిమెంటు రేకు అని అర్థం. దీనికి మన తెలుగులో 'రాతినార' అనే చక్కని పేరుంది. రాయే గాని, నారలా పీచు తీయవచ్చు, వడకవచ్చు, నేయవచ్చు. నిప్పులో వేసినా కాలదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తెల్ల రాతినారను తవ్వి తీశారు కూడా.

ఇంత మంచి వస్తువును లోకం కట్టడాల నుంచి కోట్లు పోసి ఎందుకు పీకించవలసి వచ్చింది, పీకించాక ఆ గదిలో గాలి మంచిదని ఎవరు, ఎలా తేల్చారు అన్నదే ఈ వ్యాసం. వైద్యం నా చదువు కాదు. కాని ఈ కథలో సగం లెక్కల వ్యవహారమే కనుక కామర్సు చదివినవాడు కూడా దీన్ని పట్టుకోగలడు.

ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో రాతినార వడికే మిల్లులో పనిచేసిన నెల్లీ కెర్షా 1924లో, 33వ ఏట, ఊపిరితిత్తులు గట్టిపడి చనిపోయింది. ఆమె జబ్బుకు మిల్లు యాజమాన్యం బాధ్యత ఒప్పుకోలేదు. డాక్టర్ కుక్ ఆ ఊపిరితిత్తులను పరీక్షించి వైద్య పత్రికలో రాశాడు. 1930లో మెరీవెదర్ అనే వైద్యుడు, ప్రైస్ అనే ఇంజనీరు ప్రభుత్వం తరఫున 363 మంది కార్మికులను పరిశీలిస్తే 95 మందిలో ఆ జబ్బు జాడ కనబడింది. మరుసటి ఏడే ధూళి నియంత్రణ నిబంధనలు వచ్చాయి. అయితే అవి కర్మాగారం గోడల లోపలికే. తయారైన సరుకును బయట కోసేవాడికి, తొలిచేవాడికి, పగలగొట్టేవాడికి ఆ నిబంధనల్లో చోటు లేదు.

సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే రాతినార భవనాల్లోకి జొరబడింది. అగ్ని ప్రమాదంలో ఉక్కు దూలాలు మెత్తబడి వంగకుండా దాన్ని వాటి మీద పిచికారీ చేసేవారు. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ బృందం 33 మంది రోగుల వివరాలు ప్రకటించింది. ఊపిరితిత్తుల పొరకు వచ్చే అరుదైన క్యాన్సరు అది. వారిలో కొందరు గనిలో అడుగైనా పెట్టినవారు కారు, గని దగ్గర కాపురమున్నవారు. న్యూయార్కులో సెలికాఫ్ 1964లో, ఈ సరుకుతో భవనాల్లో పనిచేసే కార్మికుల మరణాల లెక్క తీశాడు. అమెరికా 1973లో పిచికారీని నిషేధించింది. పోగు లోపలికి పోయిన 20, 30, 40 ఏళ్లకు గాని జబ్బు బయటపడదు. బ్యాలెన్సు షీటులో ఎక్కడా కనబడని బాకీ ఇది. 1982లో జాన్స్-మాన్‌విల్ అనే పెద్ద సంస్థ దివాలా రక్షణ కోరిందంటే ఆ బాకీ ఒక్కసారిగా వసూలుకు వచ్చినందుకే.

1986లో అమెరికా బడుల కోసం ఒక చట్టం చేసింది. ప్రతి బడినీ తనిఖీ చేయాలి, రాతినార ఎక్కడున్నదో రాసిపెట్టాలి, మూడేళ్లకొకసారి మళ్లీ చూడాలి. జనం భయపడి వెంటనే పీకెయ్యమన్నారు. తొందరపాటు పనివల్ల, ఊరికే పడివున్న పోగులు గాలిలోకి లేచే ప్రమాదముందని ప్రభుత్వమే చెప్పవలసి వచ్చింది. చెక్కుచెదరకుండా ఉన్నదాన్ని కదపకుండా కనిపెట్టి ఉండడమే చాలాచోట్ల మేలు. పీకడం కన్నా ఇది కష్టమైన పని, ఎందుకంటే ఏళ్ల తరబడి జ్ఞాపకం పెట్టుకోవాలి.

తీయక తప్పనిచోట పద్ధతి ఇది. గదిని పాలిథీన్‌తో మూసి, లోపలి గాలి ఒత్తిడి బయటికన్నా తక్కువ ఉండేలా యంత్రాలతో గాలిని వడగట్టి లాగుతారు. సరుకును తడిపి తీస్తారు. పనివాడు స్నానం చేసి గాని బయటికి రాకూడదు. తరువాత పరీక్షకుడు ముందు కళ్లతో మూలమూలా చూస్తాడు, ఆపైన నేల మీద ధూళిని కావాలనే లేపి, పంపుతో గాలిని సన్నని పొరగుండా లాగుతాడు. ఆ పొరను మైక్రోస్కోపు కింద పెట్టి పోగులను ఒక్కొక్కటిగా లెక్కిస్తారు. 5 మైక్రాన్ల కన్నా పొడవు, 3 మైక్రాన్ల కన్నా సన్నం, వెడల్పుకు మూడు రెట్లకు మించిన పొడవు ఉంటేనే అది పోగు. ఈ పరీక్షకుడు పని చేసిన కాంట్రాక్టరు మనిషి కాకూడదు. రొక్కం లెక్కబెట్టినవాడే సరిచూసినట్టు సంతకం చేయకూడదని మా కౌంటర్లలో చెప్పేదీ ఇదే.

బ్రిటనులో గదిని తిరిగి అప్పగించడానికి వాడే కొలత మిల్లీలీటరుకు 0.01 పోగు. వినడానికి శూన్యంలా ఉంటుంది. లీటరుకు 10, ఘనపు మీటరుకు 10,000 అన్నమాట. ఎనిమిది గంటల పనిలో మనిషి సుమారు 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడనుకుంటే లక్ష పోగులు. అది ఈ కొలత పద్ధతి నమ్మకంగా పట్టగల కనిష్ఠమే గాని, నిర్భయమని ఇచ్చిన హామీ కాదు. బ్రస్సెల్స్‌లో యూరప్ కమిషన్ వారి బెర్లేమాంట్ భవనాన్ని రాతినార కారణంగా 1991లో ఖాళీ చేస్తే, అది మళ్లీ తెరుచుకున్నది 2004లో.

మన దేశంలో 1995 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయమై తీర్పు ఇచ్చింది. కర్మాగారాల్లో గాలిని పొర పద్ధతిలోనే పరీక్షించాలంది. కార్మికుడి ఆరోగ్య రికార్డును చేరిన నాటినుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానాక 15 ఏళ్లు, ఏది తరువాతదైతే అంతవరకు ఉంచాలంది. బ్యాంకు రికార్డులకు చట్టం పెట్టిన గడువు 5 ఏళ్లు, 8 ఏళ్లే. ఈ జబ్బు నిదానాన్ని ఆ న్యాయమూర్తులు బాగా గ్రహించారనిపిస్తుంది.

తెల్ల రాతినార రేకుల వాడకం మన దేశంలో నేటికీ ఆగలేదు. సేలంలోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా మనవాళ్ల ఇళ్ల మీద, గోదాముల మీద అవే. సిమెంటులో బిగిసివున్న రేకు తనంతట తాను పెద్దగా హాని చేయదు. చిక్కంతా రంపంతో కోసేటప్పుడు, బెజ్జం వేసేటప్పుడు, తుపానుకు విరిగిన ముక్కలను పొడి చీపురుతో ఊడ్చేటప్పుడు. అప్పుడు కనీసం నీళ్లు చల్లి, తడిగా ఉండగానే ముక్కలను గోనెసంచిలో కాక ప్లాస్టిక్ సంచిలో వేసి కట్టెయ్యాలి. పిల్లలను ఆ పూటకు పక్కింటికి పంపాలి.