మా వంటింటి గోడ

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. మా వంటింటి గోడ మాత్రం తెలుగులోనే ఉండిపోయింది. పొయ్యి పక్కన అవ్వ బొగ్గుతో పాల లెక్క రాసేది, అన్నీ తెలుగు అంకెలే. సంక్రాంతికి సున్నం కొట్టినా ఆ మూల వదిలేసేవాళ్లం.

ఇప్పుడు టైల్స్ వెయ్యాల. గ్యాసొచ్చి మసి పోయినా తాలింపు జిడ్డు సున్నానికి అంటితే వదలదు. చెట్టినాడు ఆత్తంగుడి పలకలు చూస్తే ఎంత బాగుంటాయో! కానీ అవి కాల్చనివి, సిమెంటుతో చేసినవి. నేలకి సరే, పొయ్యి దగ్గర నూనె పీల్చేస్తాయి. అందుకే గుజరాత్ మోర్బీ గ్లేజు టైల్సే తెచ్చినాం, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

అవ్వ లెక్క మా పిల్లలకి చదవరాదు. 2006 చట్టంతో బళ్లో తమిళం తప్పనిసరి అయింది, ఇంట్లో మేమూ నేర్పలేదు. మేస్త్రీకి చెప్పి ఆ మూరెడు చోటు వదిలించినాను. ఇంట్లోవాళ్లకి ఇంకా కోపమే.