జాతీయ సిండికలిజం: కార్మిక సంఘం నుండి కార్పొరేటివ్ రాజ్యం వరకు

ఫాసిజం కార్మికోద్యమం నుండే పుట్టిందా? ఈ ప్రశ్నకు అవుననో కాదనో జవాబు రాసే ముందు ఇటలీకి చెందిన ఇద్దరు కార్మిక నాయకులను పక్కపక్కన పెట్టి చూడండి: ఆల్చెస్తె దే ఆంబ్రిస్, ఎడ్మొండొ రొస్సోని.

ఇద్దరూ సిండికలిస్టులే. పార్లమెంటు వల్ల ఒరిగేదేమీ లేదని, కార్మిక సంఘాలే సార్వత్రిక సమ్మె ద్వారా ఉత్పత్తిని తమ చేతుల్లోకి తీసుకోవాలని సిండికలిస్టుల వాదన. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి వీరిలో ఒక వర్గం యుద్ధాన్ని సమర్థించింది. వర్గం స్థానంలోకి జాతి వచ్చింది. జాతీయ సిండికలిజం అంటే ఇదే. 1918లో ఏర్పడిన ఇటలీ కార్మిక యూనియన్‌కు వీరిద్దరూ వేర్వేరు సమయాల్లో నాయకత్వం వహించారు.

1919 మార్చిలో దాల్మినె ఉక్కు కర్మాగారంలో ఈ యూనియన్ కార్మికులు ఒక వింత సమ్మె చేశారు. కర్మాగారాన్ని ఆక్రమించి, జాతీయ జెండా ఎగురవేసి, పని మాత్రం ఆపలేదు! ముస్సోలినీ అక్కడికి వెళ్లి వారిని మెచ్చుకుంటూ ప్రసంగించాడు. మూడు రోజుల తరువాత, మార్చి 23న, మిలాన్‌లో ఫాసిస్టు ఉద్యమాన్ని ప్రారంభించాడు. రెండింటికీ ఉన్న దగ్గరితనం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

అయితే ఇక్కడే ఆగిపోకండి. దే ఆంబ్రిస్ 1920లో ఫియూమె నగరానికి రాజ్యాంగ ముసాయిదా రాశాడు. దాని తుది రూపంలో పది కార్పొరేషన్లు ఉన్నాయి. (కార్పొరేషన్ అంటే ఇక్కడ కంపెనీ కాదు, వృత్తులవారీగా ఏర్పడే ప్రతినిధి సంస్థ. జవాబుపత్రాలలో ఈ పొరపాటు తరచు కనిపిస్తుంది.) ఆ తరువాత ఆయన ఫాసిజాన్ని వ్యతిరేకించి ఫ్రాన్స్‌కు వెళ్లాడు. ఇటలీ ప్రభుత్వం ఆయన పౌరసత్వాన్ని రద్దు చేసింది. 1934లో ప్రవాసంలోనే మరణించాడు.

రొస్సోని ఫాసిస్టు కార్మిక సంఘాల అధినేత అయ్యాడు. ఆయనకు దక్కినదేమిటి? 1925 అక్టోబరులో విదోని భవనంలో కుదిరిన ఒప్పందంతో యజమానుల సమాఖ్య ఫాసిస్టు సంఘాలను మాత్రమే గుర్తించింది. బదులుగా కర్మాగారాల్లో కార్మికులు ఎన్నుకునే అంతర్గత కమిటీలు రద్దయ్యాయి. 1926 ఏప్రిల్ 3 నాటి చట్టం సమ్మెను నిషేధించింది. లాకౌట్‌ను కూడా నిషేధించింది గాని, వేతనం తగ్గించదలచిన యజమానికి లాకౌట్ అవసరం ఏముంది? మరుసటి ఏడాది 'కార్మిక శాసనపత్రం' వర్గ సామరస్యాన్ని ప్రకటించింది. అదే 1927లో వేతనాలు తగ్గాయి.

రొస్సోని తన సమాఖ్యలోనే యజమానులను కూడా చేర్చుకోవాలనుకున్నాడు. వారు ససేమిరా అన్నారు. 1928లో ముస్సోలినీ ఆ సమాఖ్యను ముక్కలు చేసి, ఆయనను పక్కకు తప్పించాడు. 22 కార్పొరేషన్లు ఏర్పడింది 1934లో. వాటిలో కార్మికుల తరఫున కూర్చున్నవారు పైనుండి నియమితులైనవారు.

కార్పొరేటివ్ రాజ్యం జాతీయ సిండికలిజం నుండి భాషను, పేర్లను, కొందరు మనుషులను తీసుకుంది. సమ్మె హక్కును మాత్రం తీసుకోలేదు. 1943 మార్చిలో ట్యూరిన్ కర్మాగారాల కార్మికులు సమ్మెకు దిగినప్పుడు, చట్టం ప్రకారం అది నేరమే.