పదకొండు గంటల గంట

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయవలసిందని కార్యదర్శిగారు కోరినప్పుడు, కాకతీయుల గురించో మన జిల్లా కోటల గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. నేను ఎంచుకున్న విషయం ఇంగ్లండులో పబ్బులు రాత్రి ఎన్ని గంటలకు మూయాలి అన్నది. "ఈ వయసులో ఈయనకు ఇదేం బుద్ధి" అని సభ్యులు నవ్వుకొనే లోపలే కారణం మనవి చేస్తాను.

2018 వేసవిలో నేనూ మా ఆవిడా ఇంగ్లండులో మా అమ్మాయి ఇంట్లో మూడు నెలలు ఉన్నాము. అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. తెల్లవారుజామున లేచి డ్యూటీకి పోవాలి. వాళ్ళ వీధి మొగలో ఒక పాత పబ్బు ఉంది. ఒకనాడు నడకకు వెళుతూ దాని కిటికీకి అంటించిన లేత నీలం రంగు కాగితం చూశాను. నోటీసు కనబడితే చదవకుండా దాటిపోలేకపోవడం మన ఉద్యోగుల జాతి లక్షణం కదా! శుక్ర, శనివారాల్లో రాత్రి 11 గంటలకు బదులు 1 గంట దాకా తెరిచి ఉంచేందుకు అనుమతి కోరుతున్నామనీ, అభ్యంతరాలుంటే ఫలానా తేదీలోగా పురపాలక మండలికి వ్రాసి పంపవచ్చుననీ అందులో ఉంది. గడువు 28 రోజులు.

ఆ సాయంత్రం పక్కింటి ఆవిడ మా ఇంటికి వచ్చింది. ఎనభై దాటిన వితంతువు. ఆవిడ పడకగది కిటికీ తెరిస్తే పబ్బు వెనకాల తోటే. "నా పెళ్ళి విందు ఆ పబ్బులోనే జరిగింది. అది మూతబడాలని నేను కోరను. నాకు నిద్ర కావాలి, అంతే" అన్నది. ఆ ఒక్కమాటలో వ్యాజ్యం మొత్తం ఉంది. తగువు ఏమిటో తెలిసింది గాని, ఈ 11 గంటలు ఎక్కడినుంచి వచ్చాయో తెలుసుకుందామని అమ్మాయి సభ్యత్వం మీద అక్కడి గ్రంథాలయంలో పుస్తకాలు తెచ్చి చదివాను. చదివినది క్లుప్తంగా చెబుతాను.

మేజిస్ట్రేట్ల చేతిలో

ఇంగ్లండులో బీరు అమ్మే ఇంటికి లైసెన్సు ఉండాలన్న చట్టం 1552లో వచ్చింది. ఇద్దరు స్థానిక మేజిస్ట్రేట్లు సంతకం చేస్తేనే అమ్మకం. అమ్మేవాడు తన దుకాణంలో అల్లరి జరగనివ్వనని పూచీ ఇవ్వాలి. అంటే ఇరుగుపొరుగు ప్రశాంతత అన్నది ఆ లైసెన్సుతోబాటే పుట్టింది. మన దేశంలో అప్పటికి అక్బరు ఇంకా గద్దె ఎక్కలేదు.

1830లో ప్రభుత్వం వ్యాపార స్వేచ్ఛ పేరిట తలుపులు బార్లా తెరిచింది. జిన్ అనే ఘాటు సారాకు విరుగుడుగా బీరును ప్రోత్సహించాలని ఉద్దేశం. ఇంటి పన్ను కట్టేవాడు ఎవడైనా రెండు గినీలు చెల్లిస్తే చాలు, మేజిస్ట్రేటుతో పని లేకుండా బీరు దుకాణం పెట్టుకోవచ్చు. కొద్ది నెలల్లోనే వేల దుకాణాలు వెలిశాయి. ఆ తప్పు దిద్దుకొని, బీరు దుకాణాలను తిరిగి మేజిస్ట్రేట్ల చేతికి ఇవ్వడానికి 1869 దాకా పట్టింది.

గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం 1872లో మూసే వేళలను బిగించింది. బీరు వ్యాపారులూ తాగేవాళ్ళూ కూడా కోపగించారు. 1874 ఎన్నికల్లో గ్లాడ్‌స్టన్ ఓడిపోయి, జిన్ను బీరు వరదలో కొట్టుకుపోయామని తన అన్నకు ఉత్తరం వ్రాసుకున్నాడు. ఓటమికి ఇతర కారణాలు కూడా ఉన్నా, మూసే గంట జోలికి పోతే ఏమవుతుందో తర్వాతి నాయకులకు అది పాఠమయింది. కొత్తగా వచ్చిన డిజ్రేలీ ప్రభుత్వం ఆ ఏడే లండనులో రాత్రి 12.30 వరకు అనుమతించింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు లండను పబ్బు తెల్లవారి 5 గంటలకు తెరిస్తే అర్ధరాత్రి దాటాక 12.30కి మూసేవారు. రోజుకు పందొమ్మిదిన్నర గంటలు!

"తాత్కాలిక" ఉత్తర్వు

1914 ఆగస్టులో యుద్ధం వచ్చింది. ఆ నెలాఖరునే పబ్బు వేళలను తగ్గించే తాత్కాలిక చట్టం చేశారు. దాని పేరులోనే "తాత్కాలిక" అన్న మాట ఉంది. మందుగుండు కర్మాగారాల్లో కార్మికులు తాగి పనికి రావడం లేదన్న ఆందోళనతో 1915లో లాయిడ్ జార్జి పట్టుబట్టగా, మద్యం అదుపు కోసం ఒక కేంద్ర మండలి ఏర్పడింది. ఆ మండలి పరిధిలోకి వచ్చిన ప్రాంతాల్లో అమ్మకాన్ని రోజుకు ఐదున్నర గంటలకు కుదించారు. మధ్యాహ్నం కాసేపు, సాయంత్రం కాసేపు, నడుమ విరామం. ఒకరికొకరు తాగబోయించడం కూడా నిషేధం! 1916లో కార్లైల్ పట్టణ ప్రాంతంలో ప్రభుత్వమే పబ్బులనూ బీరు కర్మాగారాలనూ కొని నడిపింది. ఆ సర్కారీ పబ్బులను 1973లో గాని పూర్తిగా వదిలించుకోలేదు.

ఫలితం కనిపించింది. ఇంగ్లండు, వేల్సులలో తాగి అల్లరి చేసినందుకు పడిన శిక్షలు 1914లో లక్షా ఎనభై వేల పైచిలుకు ఉండగా 1918 నాటికి ముప్ఫై వేల లోపుకు దిగాయి. మగవాళ్ళు లక్షల్లో యుద్ధానికి పోవడం, బీరు పలచనై ప్రియం కావడం కూడా ఇందులో ఉన్నాయి. కేవలం గడియారం చేసిన ఘనత కాదు.

యుద్ధం ముగిసింది. తాత్కాలిక ఏర్పాటు ముగియలేదు. 1921 చట్టం మధ్యాహ్నపు విరామాన్నీ, రాత్రి 10 లేదా 11కు మూయడాన్నీ స్థిరపరచింది. తాత్కాలికం అన్న మాటకు ఎంత ఆయుస్సు ఉంటుందో ప్రభుత్వోద్యోగికి వేరే చెప్పనక్కరలేదు. మనలో పదేళ్ళు తాత్కాలిక గుమాస్తాలుగా ఉన్నవాళ్ళెందరు! మధ్యాహ్నం మూసే నియమం 1988 ఆగస్టులో గాని పోలేదు. రాత్రి 11కు పబ్బులో గంట కొట్టి, ఇక చాలించండి అని కేకవేసే ఆచారం మాత్రం ఆ తర్వాతా సాగింది.

తొందరగా మూస్తే అంతా మంచిదేనా?

కాదని ఆస్ట్రేలియా చెప్పింది. 1916లో న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా వంటి రాష్ట్రాల్లో సాయంత్రం 6 గంటలకే మూయాలని నియమం పెట్టారు. మరుసటి ఏడు న్యూజీలాండు అదే చేసింది. పని 5 గంటలకు ముగుస్తుంది. మిగిలింది ఒక్క గంట. ఆ గంటలో కుర్చీలు కూడా తీసేసిన గదిలో నిలబడి, చేతనైనంత మింగి, అందరూ ఒక్కసారి వీధిన పడేవారు. న్యూ సౌత్ వేల్స్ 1955లోనూ, విక్టోరియా 1966లోనూ, న్యూజీలాండు 1967లోనూ వేళ పొడిగించాయి.

ఇంగ్లండులో పొడిగింపు కోరినవాళ్ళ వాదన కూడా ఇదే. అందరూ 11కే ఒక్కుమ్మడిగా బయటపడితే గొడవలు. వేళలు వేరువేరుగా ఉంటే జనం విడివిడిగా పోతారు. ఈ వాదన మీదనే 2003 చట్టం వచ్చి 2005 నవంబరు 24న అమలయింది. దేశమంతటికీ ఒకే మూసే వేళ పోయింది. ఒక్కొక్క పబ్బు తన వేళ తానే కోరుకోవచ్చు. 1552 నుంచి మేజిస్ట్రేట్ల చేతిలో ఉన్న అధికారం పురపాలక మండళ్ళకు మారింది. ఇరవైనాలుగు గంటలూ తాగుడే అని పత్రికలు గగ్గోలు పెట్టాయి గాని, రోజంతా తెరిచిన పబ్బులు బహు కొద్ది.

అయితే ఇంకొక చట్టం తలవని తలంపుగా ఇందులో అడ్డుపడింది. 2007 జూలై 1 నుంచి ఇంగ్లండులో పబ్బుల లోపల పొగ తాగరాదన్నారు. ఆరోగ్యానికి మేలైన చట్టమే. కాని పొగ తాగేవారు బయటి తోటలోకీ వీధిలోకీ వచ్చారు. వాళ్ళతో మాటలూ నవ్వులూ వచ్చాయి. గోడల లోపల ఉండిన చప్పుడు పక్కింటి ముసలామె కిటికీ దగ్గరికి చేరిందంటే దానికి కారణం ఇదే.

అభ్యంతరం ఎలా వ్రాయాలి

2003 చట్టం ప్రకారం నాలుగే నాలుగు అంశాల మీద అభ్యంతరం నిలుస్తుంది: నేరాలు, అల్లర్ల నివారణ, ప్రజల భద్రత, ఇరుగుపొరుగుకు బెడద లేకుండుట, పిల్లలకు హాని లేకుండుట. మా అల్లుడుగారు ఆవేశంగా, ఇంటి ధర పడిపోతుందని మొదలుపెట్టారు. "అది నాలుగింటిలో లేదు బాబూ, ఆ కాగితం పక్కన పెట్టేస్తారు" అని చెప్పాను. పక్కింటి ఆవిడకు ఒక నోటు పుస్తకం ఇచ్చి, తేదీ, గంట, ఏమి వినబడింది, ఎంతసేపు అన్న నాలుగు గడులు గీసి ఇచ్చాను. ముప్ఫై ఆరేళ్ళ గుమాస్తాగిరీలో నేర్చినదంతా ఆ నాలుగు గడులే. మూడు వారాలు ఆవిడ పట్టుదలగా వ్రాసింది. వీధిలో ఏడుగురు అభ్యంతరాలు పంపారు.

విచారణ రోజున నేను వెనక వరుసలో కూర్చొని విన్నాను. ముగ్గురు సభ్యులు. రెండు పక్షాలకూ సమానంగా సమయం. పబ్బు నడిపే ఆయన చేతులు కొంచెం వణకడం చూశాను. వారాంతంలో రెండు గంటలు కలిస్తేనే అద్దె కట్టగలనని, లేకపోతే ఇద్దరు పనివాళ్ళను తీసివేయాలని చెప్పాడు. అది అబద్ధమని నాకు తోచలేదు. తర్వాత పక్కింటి ఆవిడ నోటు పుస్తకం తెరిచి చదివింది. సీసాలు తొట్టిలో గుమ్మరించిన చప్పుడు రాత్రి 11.40కి, తోటలో పాట 12.05కి. అధ్యక్షుడు ఆ పుస్తకాన్ని అడిగి తీసుకొని చూశాడు.

వారం తిరగకముందే కారణాలతో సహా నిర్ణయం వ్రాతపూర్వకంగా వచ్చింది. 1 గంట కాదు, 12 వరకు. తోట మాత్రం 10కే మూయాలి. తలుపులు, కిటికీలు బిగించాలి. సీసాలు రాత్రిపూట పారబోయరాదు. ఇరుగుపొరుగు పిలిచేందుకు ఒక ఫోను నంబరు ఇవ్వాలి. నచ్చనివారు 21 రోజుల్లో మేజిస్ట్రేటు కోర్టుకు పోవచ్చు. ఎవరూ పోలేదు. పబ్బు నిలిచింది, ఆవిడ నిద్రా చాలావరకు నిలిచింది.

మన సంగతి

మనకూ చట్టాలు లేకపోలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు వినబడరాదు. నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు మించరాదు. 2022లో హైదరాబాదు జూబ్లీహిల్సు పబ్బుల రొదపై నివాసులు హైకోర్టుకెక్కగా, రాత్రి 10 దాటితే సంగీతం ఆపాలని న్యాయస్థానం ఆదేశించింది. అంతకు ముందు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించి మొదలుపెట్టిన ఉద్యమం వల్ల 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమయింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో పోయిన సంగతి సభ్యులకు తెలిసినదే.

ఇక అసలు కారణం చెప్పి ముగిస్తాను. నేను తాలూకా కచేరీలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక అర్జీ నా బల్ల మీదికి వచ్చింది. ఇళ్ళ మధ్య ఉన్న సారా కొట్టు రాత్రిళ్ళు మూయడం లేదనీ, పిల్లలు నిద్రపోవడం లేదనీ పదిహేనుమంది ఆడవాళ్ళు వేలిముద్రలు వేశారు. అది మన శాఖకు చెందినది కాదని ఒక్క వాక్యం వ్రాసి, పై అధికారి సంతకం తీసుకొని, ఎల్.డిస్. కట్టలో పడేశాను. ఆ కట్టలు ఎంతకాలం ఉంటాయో మనకు తెలుసు. సంబంధిత శాఖకు పంపుతూ ఒక కవరింగు లెటరు వ్రాసి ఉండవచ్చు. పది నిమిషాల పని. వ్రాయలేదు. నియమం తప్పానని ఎవరూ అనలేదు, ఇంక్రిమెంటు ఆగలేదు.

ఆ ముసలామె పుస్తకాన్ని అధ్యక్షుడు చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ఆ పదిహేను వేలిముద్రలు గుర్తుకొచ్చాయి. సభ్యులకు ఒక్క మనవి. మనకు జీతాలు ఆగినా అక్షరం ఆగలేదు. అర్జీ ఎక్కడికి పోవాలో, గడువు ఎప్పుడో, ఏ మాట నిలుస్తుందో మనకు తెలిసినంతగా వీధిలో ఇంకెవరికీ తెలియదు. ఎవరైనా నిద్రపట్టడం లేదని మన గుమ్మంలోకి వస్తే, ఒక నోటు పుస్తకం తీసి నాలుగు గడులు గీసి ఇద్దాము. నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.