ఆపరేషన్ టిప్స్

అమెరికా న్యాయశాఖ 2002లో తలపెట్టిన పౌర సమాచార పథకం ఆపరేషన్ టిప్స్. పూర్తి పేరు టెర్రరిజం ఇన్ఫర్మేషన్ అండ్ ప్రివెన్షన్ సిస్టమ్. పోస్ట్‌మ్యాన్లు, లారీ డ్రైవర్లు, రైలు కండక్టర్లు, ఓడ కెప్టెన్లు, కరెంటు, గ్యాస్ సంస్థల సిబ్బంది తమ పనిలో తారసపడిన అనుమానాస్పద విషయాలను ప్రభుత్వానికి చేరవేయాలన్నది దీని ఉద్దేశం. పూర్తిస్థాయిలో మొదలుకాకముందే, అదే ఏడాది నవంబరులో చట్టం దీన్ని నిషేధించింది.

పథకం

2001 సెప్టెంబర్ 11 దాడులు జరిగిన నాలుగు నెలలకు అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ. బుష్ 'సిటిజన్ కోర్' అనే స్వచ్ఛంద సేవా వ్యవస్థను ప్రకటించారు. వైద్య సహాయక దళాలు, వీధి కాపలా బృందాల సరసన టిప్స్ కూడా అందులో చేరింది. చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జూలైలో మాత్రం ప్రభుత్వ వెబ్‌సైట్‌లోని ఒక వివరం పత్రికల కంటపడింది. ఆగస్టులో 10 నగరాల్లో, 10 లక్షల మంది కార్మికులతో ప్రయోగాత్మకంగా మొదలుపెడతారట.

దేశంలోని 10 అతిపెద్ద నగరాల జనాభాతో పోల్చి చూస్తే సుమారు 24 మందికి ఒకరని లెక్క తేలింది. తూర్పు జర్మనీ రహస్య పోలీసు సంస్థ స్టాసీకి దాని చివరి రోజుల్లో కూడా దాదాపు 90 మందికి ఒక ఇన్ఫార్మరే ఉండేవాడు. నిజానికి ఈ పోలిక అంత న్యాయమైనది కాదు. స్టాసీ ఇన్ఫార్మర్‌కు మారుపేరు, పైన ఒక అధికారి, కనిపెట్టి ఉండాల్సిన ఫలానా మనిషి ఉండేవారు. టిప్స్‌లో ఉండేది ఫోన్ నంబరు, వెబ్‌సైట్ మాత్రమే. అయినా ఆ అంకె జనం నోళ్లలో నానింది.

గడప దాటే హక్కు

అసలు చిక్కు ఇన్ఫార్మర్ల సంఖ్యలో కంటే వాళ్లు ఎవరన్నదాంట్లో ఉంది. అమెరికా రాజ్యాంగ నాలుగో సవరణ ప్రకారం ఇల్లు సోదా చేయాలంటే పోలీసులకు సాధారణంగా న్యాయమూర్తి ఇచ్చిన వారెంటు కావాలి. మీటరు చూడటానికి వచ్చినవాడికి, కేబుల్ కనెక్షన్ బాగుచేసేవాడికి ఆ అవసరం లేదు. ఇంటివాళ్లే తలుపు తీసి లోపలికి రమ్మంటారు. బల్ల మీద ఏ పుస్తకాలున్నాయో, గోడ మీద ఏ పటం ఉందో వాళ్లకు కనిపిస్తాయి.

ఈ విషయంలో సుప్రీంకోర్టు తీర్పులు రెండు మాటలు చెబుతాయి. ప్రభుత్వ ప్రమేయం లేకుండా ప్రైవేటు వ్యక్తి సంపాదించి ఇచ్చినదానికి నాలుగో సవరణ అడ్డురాదని 1921 నాటి బర్డో కేసు తేల్చింది. ఆ వ్యక్తి ప్రభుత్వం చేతిలో పనిముట్టుగా మారితే మాత్రం అది ప్రభుత్వ సోదా కిందికే రావచ్చని 1971 నాటి కూలిడ్జ్ కేసు సూచించింది. ప్రభుత్వమే పేర్లు నమోదు చేసుకుని, ఏం చూడాలో చెప్పి పంపిన గ్యాస్ కుర్రాడు ఈ రెంటిలో దేని కిందికి వస్తాడు? పథకం అమలు కాలేదు కాబట్టి ఆ ప్రశ్న కోర్టుదాకా వెళ్లలేదు.

ఇలాంటి ప్రయత్నం అమెరికాకు కొత్తేమీ కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1917లో, షికాగోలో పుట్టిన అమెరికన్ ప్రొటెక్టివ్ లీగ్‌లో న్యాయశాఖ ఆశీస్సులతో సుమారు 2,50,000 మంది చేరారు. బ్యాడ్జీలు పెట్టుకుని ఇరుగుపొరుగుల దేశభక్తిని ఆరా తీశారు. 1918 సెప్టెంబరులో న్యూయార్క్ వీధుల్లో సైన్యంలో చేరనివారి కోసం జరిగిన మూకుమ్మడి గాలింపుల్లో వేలమంది నిర్దోషులు పట్టుబడ్డారు. మరుసటి ఏడాది ఆ సంస్థ రద్దయింది.

ఎదురుదెబ్బలు

మొదటి దెబ్బ తపాలా శాఖ కొట్టింది. తాము ఇందులో పాల్గొనబోమని జూలై మధ్యలోనే ప్రకటించింది. ఆ వెంటనే ప్రతినిధుల సభలో అధికారపక్ష నాయకుడు డిక్ ఆర్మీ హోంలాండ్ సెక్యూరిటీ బిల్లులో టిప్స్‌ను నిషేధించే నిబంధన చేర్చారు. ఆయన బుష్ పార్టీ మనిషే, పైగా కరడుగట్టిన సంప్రదాయవాది. పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ, ఆయన ఒకే వైపు నిలబడటం వాషింగ్టన్‌లో రోజూ కనిపించే దృశ్యం కాదు. సెనేట్ న్యాయ కమిటీలో పాట్రిక్ లేహీ తదితరులు అటార్నీ జనరల్ జాన్ యాష్‌క్రాఫ్ట్‌ను నిలదీశారు. న్యాయశాఖలో ఇందుకోసం కేంద్ర డేటాబేస్ ఉండదని ఆయన చెప్పారు గానీ, సమాచారం అందుకున్న ఇతర సంస్థలు దాన్ని దాచుకోవని హామీ ఇవ్వలేకపోయారు.

ఆగస్టులో బయటపడ్డ సంగతి మరీ విడ్డూరం. పథకం గురించి వాకబు చేసిన ఓ విలేకరి తనకిచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే 'అమెరికాస్ మోస్ట్ వాంటెడ్' అనే టీవీ షో వాళ్లు పలికారు. ఆకాశరామన్న ఉత్తరాలు టీవీ స్టూడియోకు చేరినట్టయింది. ఇళ్లలోకి వెళ్లే ఉద్యోగులను మినహాయిస్తామని న్యాయశాఖ వెనక్కి తగ్గినా ఫలితం లేకపోయింది.

చర్చ నడుస్తుండగానే, సెప్టెంబరులో, జార్జియా రాష్ట్రంలో ఒక హోటల్లో ముగ్గురు ముస్లిం వైద్య విద్యార్థుల మాటలు విని అనుమానించిన ఓ మహిళ పోలీసులకు ఫోన్ చేశారు. మర్నాడు ఫ్లోరిడాలోని 'ఎలిగేటర్ ఆలీ' రహదారిపై వాళ్లను ఆపి, సుమారు 17 గంటలు ఉంచి, కార్లు గాలించారు. ఏమీ దొరకలేదు, కేసూ లేదు. కానీ వాళ్లు శిక్షణకు వెళ్తున్న ఆసుపత్రి ఇక రావొద్దంది. తప్పుడు సమాచారం ఇలాంటి నష్టం మిగిల్చినప్పుడు దాన్ని పూడ్చే ఏర్పాటు టిప్స్ ప్రతిపాదనలో ఎక్కడా లేదు.

2002 నవంబర్ 25న బుష్ సంతకం చేసిన హోంలాండ్ సెక్యూరిటీ చట్టంలోని 880వ సెక్షన్, టిప్స్ అమలుకు ప్రభుత్వం చేసే ఏ పనినైనా నిషేధించింది.

తర్వాత

నిషేధం పడింది ఒక్క పథకం మీదే. న్యూయార్క్ రవాణా సంస్థ ప్రచారంలోకి తెచ్చిన, ఏదైనా కంటపడితే చెప్పండి అనే నినాదాన్ని హోంలాండ్ సెక్యూరిటీ శాఖ 2010లో దేశమంతటికీ విస్తరించింది. అదే ఏడాది మే 1న టైమ్స్ స్క్వేర్‌లో పొగలు కక్కుతున్న వాహనాన్ని గమనించి పోలీసులకు చెప్పింది వీధి వ్యాపారులే. లోపల బాంబు ఉంది. అయితే ఆ వాహనం నిలిచింది నడివీధిలో, ఎవరి పడకగదిలోనూ కాదు. ఇలాంటి సమాచారం వచ్చి చేరే 'ఫ్యూజన్ సెంటర్ల'ను పరిశీలించిన సెనేట్ ఉపసంఘం 2012లో నివేదిక ఇచ్చింది. అక్కడి నుంచి వెళ్లిన నివేదికలు చాలావరకు నాసిరకమని, కొన్ని పౌరస్వేచ్ఛలకు భంగకరమని, ఉగ్రవాదాన్ని అడ్డుకోవడంలో వాటి పాత్ర నామమాత్రమని అందులో పేర్కొంది.