తరాజు ఎవరిది? మంతిఖ్ మీద వెయ్యేళ్ల బహస్

మన ఇళ్లలో పిల్లలు వరసగా ‘ఎందుకు? ఎలా?’ అని అడుగుతూ పోతే పెద్దవాళ్లు అనే మాట ఒకటుంది: ‘మంతిఖ్ మత్ బఘారో’. బఘార్ అంటే తిరగమోత. మాటలకు పోపులు పెట్టొద్దని దాని భావం. మంతిఖ్ అంటే తర్కశాస్త్రం. ఆ అసలు అర్థం మరుగున పడి, పెద్దలకు ఎదురు చెప్పడమనే అర్థమే మన జుబాన్‌లో మిగిలింది. ఇంకోవైపు చదువుకున్న మన కుర్రాళ్లలో ఒక ఖయాల్ ఉంది. లాజిక్, క్రిటికల్ థింకింగ్ అనేవి ఇంగ్లీషు చదువుతో పాటు వచ్చాయని, మన బుజుర్గులకు వాటితో వాస్తా లేదని. ఈ రెండూ తారీఖ్ ముందు నిలబడవు. మంతిఖ్ ఎందుకు, అది ఎవరి సొత్తు, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అనే సవాళ్ల మీద వెయ్యేళ్ల కిందటే బాగ్దాద్‌లో గట్టి బహస్ జరిగింది. ఆ కథ పిల్లలూ పెద్దలూ కలిసి చదువుకోదగ్గదని నా ఉద్దేశం.

వజీరు మజ్లిస్‌లో

క్రీ.శ. 930ల నాటి మాట. బాగ్దాద్‌లో అబ్బాసీ ఖలీఫాల హుకూమత్. అప్పటికి సుమారు రెండు వందల ఏళ్లుగా యునానీ కితాబులు అరబీలోకి తర్జుమా అవుతున్నాయి. వాటిలో చాలా భాగం నేరుగా రాలేదు. ముందు యునానీ నుంచి సుర్యానీలోకి, అక్కడి నుంచి అరబీలోకి వచ్చాయి. ఈ పని చేసిన ఆలిముల్లో సుర్యానీ క్రైస్తవులు ఎక్కువ. వాళ్లలో పేరున్న ఉస్తాద్ అబూ బిష్ర్ మత్తా ఇబ్న్ యూనుస్. అరస్తూ రాసిన మంతిఖ్ కితాబులకు బాగ్దాద్‌లో ఆయనే పెద్ద దిక్కు. మంతిఖ్ లేకుండా నిజమేదో అబద్ధమేదో, దలీల్ ఏదో సందేహమేదో తేల్చుకునే దారి లేదని ఆయన దావా.

వజీరు ఇబ్నుల్ ఫురాత్ తన మజ్లిస్‌లో ఈ సంగతి ఎత్తి, దీనికి జవాబు చెప్పేవాళ్లు ఎవరూ లేరా అని అడిగాడు. పెద్ద పెద్ద ఆలిములు తలలు దించుకున్నారు. చివరికి ముందుకొచ్చినవాడు అబూ సయీద్ సీరాఫీ. ఈయన అరబీ వ్యాకరణంలో దిట్ట, ఫిఖ్‌హ్ తెలిసినవాడు. వ్యాకరణానికి తల్లివంటి సీబవైహ్ కితాబుకు శరహ్ రాసినవాడు.

మంతిఖ్ అంటే ఏమిటని సీరాఫీ మొదటి సవాలు. అదొక తరాజు వంటి పరికరమని మత్తా చెప్పాడు. తక్కెడలో ఏది బరువో ఏది తేలికో తెలిసినట్టే, దానితో మంచి మాటా చెడ్డ మాటా తెలుస్తాయన్నాడు. సీరాఫీ అక్కడే పట్టుకున్నాడు. తరాజు బరువు చెబుతుంది సరే, పళ్లెంలో ఉన్నది బంగారమో ఇత్తడో ఇనుమో అది చెబుతుందా? అది తెలియాలంటే వేరే ఇల్మ్ కావాలి కదా! పైగా లోకంలో అన్నీ తూచే వస్తువులు కావు. కొన్నిటిని కుంచంతో కొలుస్తాం, కొన్నిటిని మూరలతో కొలుస్తాం.

తర్వాత భాష దగ్గరికి వచ్చాడు. ఈ మంతిఖ్‌ను తయారుచేసినవాడు ఒక యునానీ మనిషి. తన ఖౌమ్ మాట్లాడే జుబాన్‌ను బట్టి తయారుచేశాడు. దాన్ని తుర్కులు, హిందీలు, ఫార్సీలు, అరబ్బులు ఖాజీగా ఎందుకు ఒప్పుకోవాలి? మత్తా జవాబు కూడా గట్టిదే. మంతిఖ్ పని పదాలతో కాదు, వాటి వెనకున్న భావాలతో. నాలుగూ నాలుగూ ఎనిమిది అనేది అన్ని ఖౌముల్లోనూ ఒకటే కదా అన్నాడు. మనుషుల మధ్య తగాదాలన్నీ నాలుగూ నాలుగూ ఎనిమిది అన్నంత తేటగా ఉంటే ఇక తగాదాలే ఉండేవి కావని సీరాఫీ ఎదురు జవాబు. మత్తాకు యునానీ రాదన్న సంగతి కూడా బయటపెట్టాడు. రెండు తర్జుమాలు దాటి వచ్చిన భావం చెక్కుచెదరకుండా వచ్చిందని పూచీ ఏమిటని అడిగాడు.

ఇక చివరి దెబ్బ ఒక చిన్న వాక్యంతో. జైద్ అన్నదమ్ములందరిలో మేటి అనొచ్చా? జైద్ తన అన్నదమ్ములందరిలో మేటి అనొచ్చా? రెండూ సరే అన్నాడు మత్తా. రెండోది తప్పని సీరాఫీ చూపించాడు. జైద్ అన్నదమ్ములెవరని అడిగితే బక్ర్, ఖాలిద్ అంటూ పేర్లు చెబుతాం. ఆ లెక్కలో జైద్ పేరు ఉండదు. తాను లేని గుంపులో తాను మేటి ఎలా అవుతాడు? ఈ తమాషా తెలుగులో కూడా ఎలా పనిచేస్తుందో చూడండి. మనం రోజూ ‘తన అన్నదమ్ములందరిలో పెద్ద’ అనేస్తుంటాం.

మజ్లిస్ సీరాఫీ గెలిచాడంది. నేను మాత్రం ఇక్కడ ఒక్క క్షణం ఆగమంటాను. ఈ బహస్‌ను మనకు అందించినవాడు అబూ హయ్యాన్ తౌహీదీ. ఆయన ‘కితాబుల్ ఇమ్‌తా వల్ ముఆనసా’లో ఇది ఉంది. ఆయన సీరాఫీ షాగిర్దు, ఉస్తాద్ మీద ప్రాణం పెట్టినవాడు. ఆయనకు ఈ ముచ్చట చెప్పినవాళ్లలో సీరాఫీ కూడా ఉన్నాడు. మత్తా శిష్యులు రాసి ఉంటే కథ ఇలాగే ఉండేదా? దీనివల్ల తౌహీదీ రాసింది అబద్ధమైపోదు. చెప్పినవాడు ఎవరు, ఎటువైపు నిలబడి చెబుతున్నాడు అని చూసుకోవడం కూడా ఆలోచనలో ఒక భాగమని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఫారాబీ ఫైసలా

ఆ రోజుల్లోనే బాగ్దాద్‌లో మంతిఖ్ చదివినవాడు ఫారాబీ. క్రీ.శ. 950లో దమిష్క్‌లో చనిపోయాడు. ఆయన వ్యాకరణాన్ని తోసిపుచ్చలేదు. ఇబ్నుస్సర్రాజ్ అనే వ్యాకరణ పండితుడికి మంతిఖ్ చెప్పి, బదులుగా ఆయన దగ్గర వ్యాకరణం చెప్పించుకున్నాడని పాత చరిత్రకారులు రాశారు. తన ‘ఇహ్‌సావుల్ ఉలూమ్’లో ఆయన చెప్పిన ఫైసలా ఇది: పదాలకు వ్యాకరణం ఎలాగో, అఖ్ల్‌కు మంతిఖ్ అలాగ. వ్యాకరణం ఒక్కో ఖౌముకు ఒక్కోటి, మంతిఖ్ అందరికీ ఉమ్మడి. మత్తా శిష్యుడు యహ్యా ఇబ్న్ అదీ కూడా ఈ రెండు ఇల్ములకూ ఉన్న తేడా మీద ప్రత్యేకంగా ఒక రిసాలా రాశాడు. మజ్లిస్‌లో ఓడినవాళ్లు కోపం తెచ్చుకోలేదు, కలం పట్టుకుని జవాబు వెతికారు.

గజాలీ: కర్ర పామైతే లెక్క మారుతుందా?

ఇమామ్ గజాలీ (1058–1111) పేరు మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఫల్సఫీల మీద ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ రాసినవాడు కాబట్టి ఆయన తర్కానికి దుష్మన్ అని చాలామంది అనుకుంటారు. హఖీఖత్ వేరు. ఫల్సఫీల కొన్ని నమ్మకాలను ఆయన కొట్టేశాడు, వాళ్ల తరాజును మాత్రం ఉంచుకున్నాడు. మంతిఖ్ మీద ‘మెయారుల్ ఇల్మ్’, ‘మిహక్కున్నజర్’ అనే కితాబులు రాశాడు. ‘అల్ ఖిస్తాసుల్ ముస్తఖీమ్’ అన్న పేరుకు సరైన తక్కెడ అని అర్థం. ఉసూలె ఫిఖ్‌హ్ మీద రాసిన ‘ముస్తస్ఫా’ను మంతిఖ్ పాఠంతోనే మొదలుపెట్టి, ఇది తెలియనివాడి ఇల్మ్ మీద భరోసా ఉంచలేమన్నాడు.

ఆయన ఆత్మకథ ‘అల్ మున్‌ఖిజ్’లో నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. పది కంటే మూడు పెద్దదని ఒకడు వాదిస్తాడు. రుజువుగా నా చేతికర్రను పాముగా మారుస్తాను చూడమంటాడు, మార్చేస్తాడు కూడా. అప్పుడు నేనేం చేయాలి? కర్ర పామెలా అయిందా అని హైరాన్ కావాలే గానీ, పది పెద్దదన్న సంగతిలో నాకు షక్ రాకూడదంటాడు గజాలీ. మనిషి గొప్పతనం వేరు, అతని దావాకు దలీల్ వేరు. అదే కితాబులో దీనికి రెండో వైపు కూడా ఉంది. నెత్తురు తీసే హజామ్ గాజు బుడ్డిలో తేనె పోసి ఉంటే కొందరు అసహ్యపడి వదిలేస్తారు. బుడ్డి ఏదైనా తేనె తేనే. మనకు నచ్చనివాడు చెప్పినంత మాత్రాన మంచి మాట చెడ్డదైపోదు. గొప్పవాడు చెప్పినంత మాత్రాన తప్పు మాట ఒప్పైపోదు.

ఇబ్న్ తైమియా ఎదురు వాదం

అందరూ ఒప్పుకోలేదు. 13వ శతాబ్దంలో దమిష్క్‌లో ఇబ్నుస్సలాహ్ మంతిఖ్ చదవొద్దని ఫత్వా ఇచ్చాడు. కానీ గట్టి ఎదురు వాదం ఇబ్న్ తైమియా (1263–1328) నుంచి వచ్చింది. ‘అర్రద్దు అలల్ మంతిఖియ్యీన్’ ఆయన కితాబు. తెలివైనవాడికి యునానీ మంతిఖ్ అక్కర్లేదు, మందబుద్ధికి దానివల్ల ఉపయోగం లేదన్నది ఆయన మాట. కానీ అంతటితో ఆగలేదు, ఒక్కో సూత్రాన్నీ తీసుకుని దలీల్‌తో విప్పాడు.

ఆయన చెప్పింది అర్థం కావాలంటే మంతిఖ్‌లో మూడు మాటలు తెలియాలి. ఖియాస్ అంటే రెండు మాటల నుంచి మూడోది తీయడం. మనుషులందరూ చనిపోతారు, అహ్మద్ మనిషి, కాబట్టి అహ్మద్ చనిపోతాడు. ఇస్తిఖ్‌రా అంటే ఒక్కోదాన్నీ చూసుకుంటూ పోయి మొత్తానికి ఒక ఖాయిదా కట్టడం. తమ్‌సీల్ అంటే ఒకదాన్ని చూసి దాని వంటి ఇంకోదాని మీద నిర్ణయానికి రావడం. యునానీలు వీటిలో ఖియాస్‌నే యఖీన్ ఇచ్చేదిగా పెట్టారు. ఇబ్న్ తైమియా అడిగింది ఇది: మనుషులందరూ చనిపోతారని నీకు ఎలా తెలిసింది? ఒక్కొక్కరినీ చూసే కదా! అలాంటప్పుడు ఖియాస్ గొప్ప, తమ్‌సీల్ తక్కువ ఎలా అవుతాయి?

ఈ సవాలు మన తెలుగు నేల మీద ఇంకో దారిలో కనిపిస్తుంది. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు సంస్కృతంలో ‘తర్కసంగ్రహం’ రాశాడు. న్యాయశాస్త్రం మొదలుపెట్టేవాళ్లు దేశమంతటా ఇప్పటికీ చదివే చిన్న పుస్తకమది. అందులోని పేరుమోసిన ఉదాహరణ: కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని ఎలా తెలుసు? వంటింట్లో చూశాం కదా! న్యాయంలో ఆ వంటింటి ఉదాహరణ వాదనలోనే ఒక మెట్టు, దాన్ని వదిలేయకూడదు. ఖాయిదా వెనక కళ్లతో చూసిన సంగతి ఉండాలనే కదా ఇబ్న్ తైమియా కూడా అడిగింది! ఇద్దరి కితాబులూ ఒకదాన్నొకటి చూసుకోలేదు. అఖ్ల్ అందరిదీ అనడానికి నాకు ఇంతకంటే మంచి మిసాల్ కనబడదు.

దక్కన్ దాకా

మంతిఖ్ హిందుస్తాన్ మద్రసాల్లో గట్టిగా వేళ్లూనింది. ఇరాన్ నుంచి వచ్చిన ఫత్‌హుల్లా షీరాజీ మొదట మన దక్కన్‌లోనే, బీజాపూర్ ఆదిల్‌షాహీ దర్బారులో ఉన్నాడు. 1583లో అక్బర్ దగ్గరికి వెళ్లాడు. ఉత్తరాదిన ఫల్సఫా, మంతిఖ్ చదువులు బలపడటంలో ఆయన చేయి పెద్దది. తర్వాత ముహిబ్బుల్లా బిహారీ (మరణం 1707) ‘సుల్లముల్ ఉలూమ్’ రాశాడు. లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ (మరణం 1748) పేరు మీద నడిచే దర్సే నిజామీలో మంతిఖ్‌కు పెద్ద పీట ఉంది. అందులో మొదట చదివే చిన్న కితాబు పేరు ‘ఈసాగోజీ’. అది అచ్చంగా యునానీ మాట, ‘పరిచయం’ అని అర్థం. సీరాఫీ పరాయిదన్న ఇల్మ్ తన పాత పేరుతోనే మద్రసాలో చాప పరుచుకుని కూర్చుంది.

హైదరాబాద్‌లో 1917లో దారుత్తర్జుమా మొదలైంది. ఉర్దూలో చదువు చెప్పే ఉస్మానియా యూనివర్సిటీ కోసం మంతిఖ్, ఫల్సఫా, సైన్సు, కానూన్ కితాబులు ఉర్దూలోకి వచ్చాయి. కొత్త ఇస్తిలాహులు అరబీ నుంచి తేవాలా, ఉర్దూ సొంత పద్ధతిలో కట్టుకోవాలా అని అక్కడ వాదోపవాదాలు నడిచాయి. వహీదుద్దీన్ సలీమ్ 1921లో ‘వజ్‌ఏ ఇస్తిలాహాత్’ అనే కితాబే రాశాడు. ఇల్మ్ ఒక జుబాన్ నుంచి ఇంకో జుబాన్‌లోకి చెడకుండా ఎలా వస్తుందన్న సీరాఫీ సవాలే ఇది, మూసీ ఒడ్డున మళ్లీ లేచింది.

ఇక మన పిల్లలు

ఈరోజు మన పిల్లల్లో చాలామంది చదువు తెలుగులోనో ఇంగ్లీషులోనో సాగుతోంది. మంతిఖ్‌ను తెలుగులో చెప్పలేమా? మాటలు ఎప్పుడో వచ్చి కూర్చున్నాయి. దావా, సవాలు, జవాబు, షరతు, తకరారు, ఖరారు, ఫైసలా. ఈ మాటల్ని పల్లెటూరి రైతు కూడా పంచాయితీలో వాడతాడు. కోర్టుకే వదిలేసిన ఈ సామాను మనం ఇంట్లోకి తెచ్చుకోవాలి.

వాట్సాప్‌లో ఒక ఖబర్ వస్తుంది. ఫలానా కషాయం తాగినవాడు తొంభై ఏళ్లు బతికాడు కాబట్టి అందరూ తాగాలని. దావా ఏమిటి? తాగితే ఆయుష్షు పెరుగుతుందని. దలీల్ ఏమిటి? ఒక్క మనిషి. తాగి కూడా త్వరగా పోయినవాళ్లెందరు, తాగకుండా తొంభై దాటినవాళ్లెందరు? లెక్క లేదు. మరి నతీజా దలీల్ నుంచి వచ్చిందా, మన ఆశ నుంచి వచ్చిందా? పంపినవాడు మామూ అయినా, పేరున్న డాక్టర్ సాబ్ అయినా సవాలు మారదు. ఇంకో ఖౌము మీద నిందలు మోసుకొచ్చే ఖబర్‌కూ, మన మీద నిందలు మోసుకొచ్చే ఖబర్‌కూ ఇదే తరాజు. ఒకవైపుకే వాడితే అది తరాజు కాదు.

అదబ్‌తో అడిగిన సవాలు గుస్తాఖీ కాదు. మన తారీఖ్‌లో వజీరు ముందు ఉస్తాద్‌ను, ఉస్తాద్ కితాబును, చివరికి మంతిఖ్‌నే నిలదీశారు, దలీల్‌తోనే నిలదీశారు. ఈసారి ఇంట్లో పిల్ల ఎదురు సవాలు వేస్తే నోరు మూయించకండి. దగ్గర కూర్చోబెట్టుకుని, ‘నీ దావా ఏంటి బేటీ? దలీల్ చెప్పు, విందాం’ అనండి.