తాండూరు దారిలో మెరిసే అక్షరాలు

1874లో సికింద్రాబాద్–వాడి రైలుమార్గం వికారాబాద్, తాండూరుల మీదుగా పడినా, నాపరాయి, సిమెంటు లారీల బరువు హైదరాబాద్–బీజాపూర్ రోడ్డునూ వదల్లేదు. చేవెళ్ల ప్రాంతంలో ఈ రోడ్డు పక్కన నిజాం కాలపు మర్రిచెట్లు నీడనిచ్చింది నిదానంగా నడిచే బండ్లకు. ఆ ఇరుకుదారిలోనే 2025 నవంబరు 3న, మీర్జాగూడ దగ్గర, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు, కంకర టిప్పర్ ఢీకొని 19 మంది ప్రాణాలు పోయాయి. అంత దుఃఖం తర్వాత ఎలక్ట్రానిక్ హెచ్చరిక బోర్డులు పెట్టాలనిపించడం సహజం. కానీ బోర్డు మీద ఏం రాస్తామన్నదే అసలు ప్రశ్న. అమెరికాలోని టెక్సాస్‌లో 2012 నుంచి నెలకో వారం రోడ్డు మృతుల సంఖ్యను ఇలాంటి బోర్డుల మీద చూపారు. బోర్డు దాటాక 10 కిలోమీటర్ల మేర ప్రమాదాలు 4.5 శాతం పెరిగాయని 2022లో 'సైన్స్' పత్రిక అధ్యయనం ప్రచురించింది. చిక్కైన రోడ్లపైనే ఆ చేటు ఎక్కువట. భయపెట్టే అంకె డ్రైవరు మనసును దారి నుంచి లాగేస్తుందన్నది పరిశోధకుల వివరణ. నాకది సబబుగానే తోస్తుంది.

అలాగని బోర్డులే దండగ అనలేం. వచ్చే బండి వేగాన్ని కొలిచి చూపే బోర్డుల దగ్గర వేగం తగ్గుతుందని పలు దేశాల్లో తేలింది, కాస్త దూరం పోయాక మళ్లీ పెరుగుతుందని కూడా. అందుకే తాండూరు దారిలోని అనంతగిరి ఘాట్ మలుపుకు ముందు అవి పనికొస్తాయి. ఎదురెదురు బండ్లను విడదీసే పని మాత్రం వాటివల్ల కాదు, డివైడరుదే. డివైడరుకు రోడ్డు వెడల్పు కావాలి, దానికి మర్రిచెట్లే అడ్డమన్న వివాదం హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. చెట్లను నడుమ ఉంచి రెండువైపులా రోడ్డు వేస్తే ఆ చెట్ల వరసే విభజన అవుతుంది.