ధర్మశాల శిశుగృహం: టిబెట్ శరణార్థి తల్లుల చరిత్ర

1959 మార్చిలో లాసాలో తిరుగుబాటు అణచివేతకు గురై, 14వ దలైలామా అదే నెల 31న భారతదేశంలో ప్రవేశించిన తరువాత, కొద్ది సంవత్సరాల వ్యవధిలో దాదాపు 80 వేల మంది టిబెటన్లు హిమాలయ కనుమలు దాటి భారత, నేపాల్, భూటాన్ దేశాలకు చేరుకున్నారు. భారతదేశానికి వచ్చినవారిని మొదట అస్సాంలోని మిస్సామారిలోను, పశ్చిమ బెంగాల్‌లోని బక్సా దువార్‌లోను నెలకొల్పిన తాత్కాలిక శిబిరాల్లో ఉంచగా, ఎత్తయిన శీతల పీఠభూమికి అలవాటుపడిన ఆ జనం వేడికి, అపరిచితమైన తిండికి, కొత్త వ్యాధులకు తట్టుకోలేకపోవడంతో, ప్రభుత్వం వారిలో పనిచేయగలవారిని హిమాలయ ప్రాంతపు రోడ్డు నిర్మాణాలకు తరలించింది. చల్లని ప్రదేశం, చేతికి కూలి అన్న రెండు కారణాల వల్ల ఇది సహేతుకమైన నిర్ణయంగానే కనిపించింది కాని, దాని భారం ఎక్కువగా పడినది పసిపిల్లల తల్లుల మీద.

రోడ్డు పనిలో స్త్రీ పురుష భేదం లేదు. కొండలను పేల్చి, రాళ్లు కొట్టి, మట్టి మోసే పనికి భార్యాభర్తలిద్దరూ వెళ్లగా, పిల్లలు గుడారాల్లోనో బాట పక్కనో ఉండిపోయేవారు. పని ముందుకు సాగినకొద్దీ గుడారాలు కూడా జరుగుతూ ఉండేవి గనుక, బడి గాని వైద్యం గాని వారి వెంట నిలకడగా ఉండే అవకాశం లేకపోయింది. ఈ స్థితిలో 1960 మే 17న జమ్మూ ప్రాంతపు రోడ్డు శిబిరాల నుంచి 51 మంది పిల్లలు రోగగ్రస్తులై, పోషణ లేక కృశించి ధర్మశాలకు చేరారు. అంతకు కొద్ది వారాల ముందే దలైలామా నివాసం ముస్సోరీ నుంచి అక్కడికి మారింది. పిల్లలను మొదట ఆయన పరివారంలోని కుటుంబాలకు తలా కొందరుగా అప్పగించారు. తరువాత భారత ప్రభుత్వం కోనియం హౌస్ అనే భవనాన్ని అద్దెకు తీసుకొని ఇవ్వడంతో, టిబెటన్ శరణార్థి బాలల శిశుగృహం ఏర్పడింది. దాని బాధ్యతను స్వచ్ఛందంగా స్వీకరించినవారు దలైలామా పెద్దక్క త్సెరింగ్ డోల్మా.

ఆమె నేపథ్యం రాజప్రాసాదపుది కాదు. టిబెట్ ఈశాన్య భాగమైన ఆమ్డోలో, టక్ట్సెర్ అనే చిన్న పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం వారిది. తల్లి దీకీ త్సెరింగ్‌కు 16 మంది సంతానం కలుగగా, బతికి బట్టకట్టినవారు ఏడుగురే. ఇంటి పనిలో తల్లికి చేదోడుగా పెరిగిన ఈ పెద్ద కూతురు, తనకంటే దాదాపు 18 ఏళ్లు చిన్నవాడైన తమ్ముడు 1935లో పుట్టినప్పుడు మంత్రసాని పని కూడా తానే చేశారు. ఆ తమ్ముడు దలైలామా అవతారంగా గుర్తింపు పొందడంతో కుటుంబం లాసాకు చేరి, ఉన్నత వర్గాల్లో ఒకటైంది. 1959లో అంతా విడిచిపెట్టి బయలుదేరిన రాత్రి తల్లీకూతుళ్లిద్దరూ పురుష వేషంలో నగరం దాటవలసి వచ్చింది. ఆమె కోపిష్టి, క్రమశిక్షణ విషయంలో కఠినురాలు, మనసు మాత్రం వెన్న అని తమ్ముడే తన ఆత్మకథలో రాశారు. చాలని గదులు, చాలని తిండి, అంటువ్యాధులు, వారం వారం వచ్చిపడే కొత్త పిల్లలు ఉన్నచోట మెతకదనం ఎక్కువ కాలం నిలిచేది కాదేమో. పిల్లల సంఖ్య వందల్లోకి పెరిగేసరికి, ఒక్కో పరుపు మీద ఐదారుగురిని అడ్డంగా పడుకోబెట్టవలసి వచ్చింది. ఎనిమిదేళ్లు నిండినవారిని ప్రభుత్వం టిబెటన్ల కోసం తెరిచిన ఆవాస పాఠశాలలకు పంపి, ఖాళీ అయిన చోటును మరో పసివారికి ఇచ్చేవారు.

ఈ ఇరుకు నుంచే వివాదాస్పదమైన మరో ఏర్పాటు కూడా పుట్టింది. 1960ల తొలి సంవత్సరాల్లో, ఒక స్విస్ పారిశ్రామికవేత్త చొరవతో, సుమారు 160 మంది టిబెటన్ పిల్లలు స్విట్జర్లాండ్‌లోని పెంపుడు కుటుంబాలకు చేరారు. వారిలో చాలామంది అనాథలు కారు. తల్లో తండ్రో, కొందరికి ఇద్దరూ, జీవించే ఉన్నారు. చదువుకొని తిరిగివచ్చి జాతికి సేవ చేస్తారన్న ఆశతో కన్నవారు ఒప్పుకొన్నారన్నది నిజమే అయినా, గుడారంలో బిడ్డ ప్రాణానికే పూచీ లేనప్పుడు ఇచ్చిన అంగీకారాన్ని స్వేచ్ఛగా ఇచ్చినదిగా పరిగణించడం కష్టం.

1964లో త్సెరింగ్ డోల్మా మరణించగా, విదేశాల్లో చదువుకొని వచ్చిన చెల్లెలు జెట్సున్ పెమా ఆ బాధ్యత స్వీకరించి, 2006 వరకు నాలుగు దశాబ్దాలకు పైగా నిర్వహించారు. ఆవాస పాఠశాలలన్నీ నిండిపోయి పెద్దపిల్లలను పంపే దారి మూసుకుపోవడంతో, శిశుగృహం తానే బడిని, వసతిని సమకూర్చుకొని టిబెటన్ బాలల గ్రామంగా మారింది. అనాథ బాలల కోసం ఆస్ట్రియాలో మొదలైన ఎస్ఓఎస్ బాలగ్రామాల అంతర్జాతీయ సంస్థతో 1970ల ఆరంభంలో అనుబంధం కుదిరింది. ఆ సంస్థ పద్ధతిలో పిల్లలను పెద్ద హాళ్లలో కాక, విడివిడి ఇళ్లలో ఉంచుతారు. ప్రతి ఇంటికీ ఒక పెంపుడు తల్లి ఉంటుంది. ఆమెను పిల్లలు ‘అమలా’ అని, అంటే ‘అమ్మ’ను సూచించే ‘అమ’కు మన ‘గారు’ వంటి గౌరవవాచకం ‘లా’ చేర్చి, పిలుస్తారు. అయితే ఐరోపా నమూనాలో ఒక తల్లికి పదిమంది లోపు పిల్లలుండగా, ఇక్కడ ఆ సంఖ్య తరచు ముప్పై దాటేది గనుక, చిన్నవారి స్నానం, తిండి, పాఠాలు పెద్దపిల్లలు పంచుకోక తప్పలేదు. ఈ అమలాలు కూడా ఎక్కువగా శరణార్థి స్త్రీలే. 1980ల నుంచి టిబెట్‌లోని తల్లిదండ్రులు తాము అక్కడే ఉండిపోయి, పిల్లలను మాత్రం దారి చూపేవారి వెంట హిమాలయాలు దాటించి పంపడం మొదలుపెట్టాక, కన్నతల్లి ఒక దేశంలో, పెంచిన తల్లి మరో దేశంలో ఉన్న తరమే ఒకటి తయారైంది.

దక్షిణాదిన స్థిరపడిన కుటుంబాల పరిస్థితి కొంత మెరుగు. 1960 ప్రాంతంలో నాటి మైసూరు రాష్ట్రం బైలకుప్పె వద్ద ఇచ్చిన సుమారు 3,000 ఎకరాల అడవిని నరికి, ఆ నేలలో మొక్కజొన్న పండించారు. వ్యవసాయం చాలక చేపట్టిన ఉన్ని దుస్తుల వ్యాపారమే హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో చలికాలమంతా కనిపించే టిబెటన్ స్వెట్టర్ల దుకాణాలు. ఆ కొన్ని నెలలూ తల్లులు ఊరుగాని ఊళ్లో బేరం చేస్తుంటే, ఇంటివద్ద పిల్లలను చూసుకునేవారు అవ్వాతాతలో, ఆవాస పాఠశాలలో.

జెట్సున్ పెమాకు 1995లో ప్రవాస టిబెటన్ పార్లమెంటు ‘టిబెట్ మాత’ బిరుదును, 2018లో భారత ప్రభుత్వం నారీ శక్తి పురస్కారాన్ని ఇచ్చాయి. ఆ అక్కచెల్లెళ్ల కృషి కాదనలేనిదే. కాని 1960లో ఆ 51 మందిని ధర్మశాలకు సాగనంపి, తిరిగి రాళ్లు కొట్టడానికి వెళ్లిన తల్లుల పేర్లు ఏ గ్రంథానికీ ఎక్కలేదు. వారిలో మిగిలినవారు ఇప్పుడు తొంభై ఏళ్ల ప్రాంతంలో ఉంటారు. ప్రవాస చరిత్ర రాయదలచినవారు ముందుగా వెళ్లి విని నమోదు చేయవలసినది వారి మాటలనే.